మంచము నడచిన దారి

తెలుగునాట జబ్బుచేసి లేవలేనివానిని గూర్చి “మంచము పట్టినాడు” అందురు. మంచము పట్టుట అనగా కదలిక ఉడుగుట. అతడు పొలమునకు పోడు, సంతకు పోడు, ఇంటిలో ఒక మూల పడియుండును. కాని బస్తరు అడవులలో మంచము పట్టినవాడు బ్రతుకవలెనన్నచో కదలితీరవలెను. అతనితోబాటు మంచము కూడ కదలవలెను. ఊరిలోని నులకమంచము నొకదానిని తీసి, దాని నాలుగు మూలలకును త్రాళ్లు కట్టి, ఆ త్రాళ్లను పైకి కూర్చి, ఒక గట్టి వాసమునకు వ్రేలాడదీయుదురు. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు వాసమును భుజముల కెత్తుకొందురు. ఎండ సోకకుండ పైన ఒక చీర కప్పుదురు. మంచము లేని ఇంట పాత దుప్పటియే ఉయ్యాలవలె వాసమునకు వ్రేలాడును. ఈ వాహనమునకు చక్రములు లేవు, చమురు అక్కరలేదు. మనుష్యులు మాత్రము కావలెను.

ఆ మనుష్యులను గూర్చి వ్రాసినవారు తక్కువ. రోగిని గూర్చి ఆసుపత్రి పుస్తకములో ఒక పంక్తి ఉండును: పేరు, వయస్సు, ఊరు, వ్యాధి. అతనిని అచ్చటికి తెచ్చినవారెవరో, ఎన్ని వాగులు దాటించి తెచ్చిరో ఆ పుస్తకము చెప్పదు. వైద్యము ఆసుపత్రి గుమ్మములో మొదలగునని లోకము తలచును. అడవిలో అది వాసము క్రిందికి మొదటి భుజము పోయిన క్షణముననే మొదలగును. అంతకుముందు రోగి ఒక ఇంటి దుఃఖము. ఆ క్షణము నుండి అతడు ఒక ఊరి పని.

బస్తరు ఒకప్పుడు ఒకే జిల్లా. 39,000 చదరపు కిలోమీటర్లకు మించిన ఆ జిల్లా కేరళ రాష్ట్రము కంటె పెద్దది. 1998లో దాని నుండి దంతెవాడ, కాంకేర్ జిల్లాలు విడివడినవి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట 2007లో నారాయణపూర్, బీజాపూర్ జిల్లాలును, 2012లో సుక్మా, కొండగావ్ జిల్లాలును వెలసినవి. ఇట్లు ఒక్క జిల్లా ఏడు జిల్లాల డివిజను అయినది. ఈ విభజన యంతయు పరిపాలన కొరకు జరిగినదే అయినను, అడవిలోని రోగికి దాని అర్థము వేరు. జిల్లా కొక ముఖ్యపట్టణము, ముఖ్యపట్టణమున కొక ఆసుపత్రి. గీత గీసినప్పుడెల్ల ఆసుపత్రి కొంత దగ్గరకు జరిగినది. 2006లో జగ్దల్‌పూర్‌లో వైద్య కళాశాల ఆరంభమైనది. అంతవరకు పెద్ద చికిత్స కావలసినవాడు రాయపూరుకో, విశాఖపట్టణమునకో పోవలసియుండెను.

అయినను పటము మీది గీత వేరు, కాలి క్రింది దారి వేరు. ఇంద్రావతీ నది బస్తరు నడుమ తూర్పు నుండి పడమరకు ప్రవహించి, దక్షిణమునకు మళ్లి, భద్రకాళి అను గ్రామము చెంత గోదావరిలో కలియును. ఆ నదికి ఉత్తరమున సుమారు 4,000 చదరపు కిలోమీటర్ల మేర అబూఝ్‌మాడ్ కొండలున్నవి. ‘అంతుపట్టని కొండలు’ అని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. అంతుపట్టనిది బయటివారికే, అందులో నివసించువారికి ప్రతి గుట్టయు, ప్రతి వాగును తెలిసినవే. ఎండకాలమున చీలమండ తడియని వాగు ఆషాఢమున మనిషిని ముంచును. అప్పుడు ఒకే చెట్టుమ్రానును తొలిచి చేసిన దోనెలలో నదిని దాటవలెను. దోనెలో మంచము పట్టదు. రోగిని దింపి, దోనెలో కూర్చుండబెట్టి, ఆవలి ఒడ్డున మరల వాసమునకు కట్టవలెను. పట్టణమువాడు దూరమును కిలోమీటర్లలో చెప్పును. ఈ దారిలో దూరమును భుజములు మార్చుకొన్న మారులతోను, దాటిన వాగులతోను లెక్కింపవలెను.

ఈ మోతకు అగు వెలను ఒకమారు కాగితము మీద వేసి చూచుట మంచిది. ఊరికిని వాహనము రాగల బాటకును నడుమ 20 కిలోమీటర్లున్నవనుకొందము. మోయుటకు నలుగురు, అలసినప్పుడు మార్చుకొనుటకు మరి నలుగురు. పోవుట కొక దినము, తిరిగివచ్చుట కొక దినము. ఎనమండుగురికి రెండేసి దినములు: పదునారు దినముల కాయకష్టము. అది చైత్రమాసమైనచో తెల్లవారకముందే ఇప్పపూవు రాలును; ఆ పూటయే ఏరుకొననిచో పశువుల పాలగును. వైశాఖమైనచో తునికాకు కోత. ఆ కొద్ది వారముల ఆకుకూలియే ఏడాది ఉప్పునకు, బట్టకు ఆధారము. శ్రావణమైనచో వరినాట్లు. రోగము ఋతువు చూచి రాదు. వాసమెత్తిన ప్రతివాడును తన ఇంటి పనిని దించి దాని నెత్తుకొన్నవాడే.

అయినను ఊరివారెవరును ఈ లెక్క వేయరు. దానిని వారు సాయమని కూడ పిలువరు. మురియా గోండుల యువజనశాల అయిన ఘోటుల్‌ను గూర్చి వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద గ్రంథము ప్రకటించినాడు. లోకము ఆ గ్రంథములో ఆటపాటలను, ప్రణయమును మాత్రమే వెదకినది. పెండ్లికి పందిరి వేయుటకును, పొలములో కలిసి పని చేయుటకును, ఊరి ఉమ్మడి పనులకును ఆ యువతీయువకులే ముందుందురన్న సంగతి పాఠకుల కంతగా పట్టలేదు. ఊరిలో పెరుగుట అనగా ఊరి బరువును మోయ నేర్చుకొనుట. నేడు మోసినవాడు రేపు మోయబడును. మోయబడినవాని కొడుకు ఎల్లుండి మోయును. ఈ అప్పు ఏ పత్రములోను లేదు. కావుననే దానిని ఎగవేయుట ఎవరికిని సాధ్యము కాదు.

అయితే మంచమెత్తుటకు ముందు ఇంకొక బరువు కలదు. పోవుదమా, వద్దా అను నిశ్చయము అన్నిటికంటె బరువైనది. ఊరిలో సిరహా ఉన్నాడు. అతడు దేవతను పూనించుకొని రోగకారణము చెప్పును. వనమూలికలు తెలిసిన గునియా ఉన్నాడు. వీరు రోగి భాషలో మాటలాడుదురు, రోగి ఇంటిలో కూర్చుందురు, రోగి తండ్రిని తాతను ఎరుగుదురు. ఆసుపత్రిలో హిందీ, అడవిలో గోండి. రెంటికిని నడుమ సంతభాషగా హల్బీ. కడుపులో ఎచ్చట నొప్పియో చెప్పుటకు మాట దొరకనివాడు ఆసుపత్రికి వెరచుటలో వింత యేమున్నది? దూరమునకు పోయినవాడు అచ్చటనే చనిపోయినచో శవము ఊరు చేరునా అను భయము అంతకంటె పెద్దది. ఈ భయమును మూఢత్వమని కొట్టివేయువారు ఆ దారిని ఒక్కమారైనను నడచినవారు కారు.

ఈ చోటనే మితానిన్ అను స్త్రీ ప్రవేశించును. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో మితాన్ బంధము ఒక పాత ఆచారము. వేరు కులములకు చెందిన ఇరువురు కూడ దేవుని యెదుట స్నేహము కట్టుకొన్నచో అది రక్తబంధముతో సమానము. ఒకరి ఇంటి శుభాశుభములు రెండవవారివి కూడ. రాష్ట్రము పుట్టిన రెండవ యేట, 2002లో, ప్రతి గూడెమునకును ఆ గూడెమువారే ఎన్నుకొన్న ఒక స్త్రీని ఆరోగ్య కార్యకర్తగా నిలుపు పథకము ఆరంభమైనది. ఆమెకు ఉద్యోగపు పేరు పెట్టక ‘మితానిన్’, అనగా చెలికత్తె, అను పేరు పెట్టిరి. తొలినాళ్లలో ఆమెకు జీతము లేదు. పిదప చేసిన పనిని బట్టి కొంత పారితోషికము ఏర్పడినది. నేడు రాష్ట్రమంతట 60,000కు పైగా మితానిన్‌లున్నారు. 2005లో దేశమంతట మొదలైన ఆశా కార్యకర్తల పథకమునకు ఈ పథకము ఒక మార్గదర్శి.

మితానిన్ సంచిలో జ్వరపు మాత్రలు, మలేరియా చూచు పరికరము, కట్టు గుడ్డలు ఉండును. కాని ఆమె ఇచ్చు మొదటి మందు మాట. కానుపు కష్టమైన కోడలిని పంపుటకు అత్త ఒప్పుకొనదు. మగనికి ధైర్యము చాలదు. అప్పుడు, “నేనును వచ్చెద, వదినా. అచ్చట నీ మాటను నేను చెప్పెద” అని ఆమె అన్నప్పుడు, మంచము నేల నుండి లేచును. ఆ ఒక్క వాక్యములో వైద్యశాస్త్రము లేదు. అది లేనిచో వైద్యశాస్త్రము ఆ గుడిసె లోనికి రానేరదు.

వాహనముల కథ తరువాతిది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ ఆరంభమైనది. ఒక్క అంకె నొక్కినచో వాహనము వచ్చునన్న ఆ ఏర్పాటు తెలుగుదేశము నుండి ఇతర రాష్ట్రములకు వ్యాపించినది. ఛత్తీస్‌గఢ్‌లో 2011లో సంజీవని ఎక్స్‌ప్రెస్ అను పేరుతో 108 వచ్చినది. 2013లో గర్భిణులకు, బాలింతలకు, పసిబిడ్డలకు మహతారీ ఎక్స్‌ప్రెస్ అను పేరుతో 102 వచ్చినది. మహతారీ అనగా తల్లి. ఈ వాహనములు ఎందరి ప్రాణములనో నిలిపినవి. కాని ఫోను పలికినప్పుడే గదా వాహనము వచ్చును! చాల ఊళ్లలో ఫోను పలుకుటకు గుట్ట యెక్కవలసియుండెను. వాహనము వచ్చినను బాట తెగినచోట ఆగును. అట్లు ఆగిన చోటికి మంచము చేరవలెను. అనగా వాహనము వచ్చినది మంచమును తొలగించుటకు కాదు, దాని నడకను తగ్గించుటకు.

ఆ నడుమనున్న దూరమును ఇంకను తగ్గించుటకు 2014లో నారాయణపూర్ ప్రాంతమున ఒక ప్రయత్నము జరిగినది. యూనిసెఫ్ తోడ్పాటుతో సాథీ అను స్వచ్ఛంద సంస్థ మోటారు సైకిలు ప్రక్కన, పైకప్పు గల పడకను ఒక చక్రముతో అమర్చి, జీపు పోజాలని కాలిబాటలలో గర్భిణులను తెచ్చుటకు ఉపయోగించినది. తెలుగు మన్యములలో కూడ కొన్ని యేండ్లకు ఇట్టివే ఫీడరు అంబులెన్సులు కనబడినవి. కాలిబాటలో జీపు పట్టదు; మనిషి భుజము అలసిపోవును; మోటారు సైకిలు ఆ రెంటికిని నడిమిది. దానిని నడుపువాడు ఆ ప్రాంతమువాడే అయినప్పుడు ప్రయోజనము రెండింతలగును. వాగులో రాయి ఎచ్చట నున్నదో, ఏ గూడెములో ఎవరిని పిలువవలెనో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ దారులను గూర్చి వ్రాయుచు దశాబ్దముల తరబడి సాగిన సాయుధ సంఘర్షణను విడుచుట సత్యము కాదు. బాటలు త్రవ్వివేయబడినవి, వంతెనలు కూలినవి, రాత్రి కదలిన ప్రతి దీపమును ఇరుపక్షములును అనుమానించినవి. ఆ అనుమానపు నడుమ నుండియే మంచములు పోయినవి. గాయపడిన జవాను కొరకు హెలికాప్టరు దిగి, అతనిని గంటలలో రాయపూరుకు చేర్చును. ఆ కొండ క్రిందనే ఉన్న గూడెమువాడు అదే దూరమునకు రెండు దినములు మంచము మీద ఊగును. ఈ తేడాను చూచినవారి మనస్సు కలతపడకమానదు.

కాని బరువు మోయు భుజములలో అన్ని రకముల భుజములును ఉన్నవి. 2020 జనవరిలో బీజాపూర్ జిల్లాలోని పదేడా గ్రామమున నొప్పులు పడుచున్న ఒక గర్భిణిని సి.ఆర్.పి.ఎఫ్. జవానులు మంచము మీద పరుండబెట్టి, ఆరు కిలోమీటర్లు అడవిలో మోసి, వాహనమునొద్దకు చేర్చిరి. ఆ మరుసటి యేడు, 2021 జనవరిలో, రక్షణ పరిశోధన సంస్థ వారి ఢిల్లీ ప్రయోగశాల రూపొందించిన ‘రక్షిత’ అను మోటారు సైకిలు అంబులెన్సును ఆ దళమునకే అప్పగించిరి. ఇరుకు బాటలలో గాయపడినవారిని తెచ్చుటకు తగినట్లు వెనుకకు వాలు ఆసనము దానికి అమర్చిరి. నారాయణపూర్‌లో గర్భిణికి వచ్చిన ఊహయే ఇచ్చట సైనికునికిని వచ్చినది. అడవి ఇద్దరికిని ఒకే దారి ఇచ్చినది గదా.

ఇచ్చట తెలుగు పాఠకుడు ఒక సంగతి తలపునకు తెచ్చుకొనవలెను. ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ అడవులకు వచ్చి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశపు ఐతిహ్యము. రాజు పోయిన దారినే నేడు రోగి ఎదురు వచ్చుచున్నాడు. సుక్మా జిల్లా కొసనున్న కొంటా నుండి జగ్దల్‌పూరుకంటె భద్రాచలము దగ్గర. అందుచేత దక్షిణ బస్తరు కోయలు, దోర్లాలు శబరీ తీరము వెంట తెలుగునాటికి వచ్చుట చిరకాలపు అలవాటు. 2014 తరువాత ఆ ప్రయాణములో ఒక వింత ఏర్పడినది. కొంటా ఛత్తీస్‌గఢ్, దాని తరువాతి చింతూరు ఆంధ్రప్రదేశ్, చివరనున్న భద్రాచలము తెలంగాణ. వంద కిలోమీటర్లకు తక్కువైన దారిలో రోగి మూడు రాష్ట్రములను త్రొక్కును. ఒక రాష్ట్రపు కార్డు ఇంకొక రాష్ట్రమున చెల్లునో చెల్లదో అతడెరుగడు. అతని కోయమాట మాత్రము మూడు రాష్ట్రములలోను చెల్లును; ఆ మాట తెలిసిన ఆయా ఒకతె ఆసుపత్రిలో ఉన్నచో అతనికి సగము జబ్బు నయమైనట్లే.

తెలుగు మన్యములలో ఈ మంచమునకు ‘డోలీ’ అని పేరు. పూర్వము డోలీ గొప్పవారి వాహనము. బోయీలు మోయుచుండగా పెండ్లికూతురో, జమీందారో, దొరయో అందులో ఊగుచు పోవుచుండిరి. నేడు పత్రికలలో ‘డోలీ మోత’ అన్న మాట చదివినప్పుడు ఎవరికిని పెండ్లికూతురు గుర్తు రాదు. ఒకనాడు బలముగలవాడు బలములేనివాని భుజమెక్కినాడు. నేడు బలమున్నవాడు బలముడిగినవానికి భుజమిచ్చుచున్నాడు. మాట మిగిలినది, దానిలోని మనుష్యులు చోటు మార్చుకొనిరి. మోత కన్నులకు దుఃఖకరముగా తోచినను, ఈ మార్పు మాత్రము సిగ్గుపడదగినది కాదు. సిగ్గు బాట వేయనివారిది.

దూరదేశములలో ఇట్టి పని ఎట్లు జరుగుచున్నదో చూచిన యెడల ఈ సంగతి ఇంకను స్పష్టమగును. అమెరికాలో యుద్ధములలో గాయపడి వచ్చిన సైనికులు 1920లో స్థాపించుకొన్న ‘డిసేబుల్డ్ అమెరికన్ వెటరన్స్’ అను సంఘము కలదు. మాజీ సైనికుల ఆసుపత్రులు పట్టణములలో ఉండును. సైనికులలో చాలమంది పల్లెలలో ఉందురు. ప్రభుత్వము ప్రయాణపు ఖర్చులను చాలమందికి నిలిపివేసిన తరుణమున, 1987లో, ఆ సంఘము వ్యానులను సమకూర్చి, జీతము లేని చోదకులతో మాజీ సైనికులను ఆసుపత్రికి చేర్చు ఏర్పాటు చేసినది. ఆ చోదకులలో చాలమంది తామును ఒకప్పటి సైనికులే. తెల్లవారకముందే ఇంటింటికిని పోయి ఎక్కించుకొందురు. వైద్యుడు చూచువరకు వేచియుందురు. మరల ఇంటికి తెత్తురు. సాధారణముగా తనంత తాను ఎక్కగలవానికే ఆ వ్యానులో చోటు. అచ్చట బాటలున్నవి, వాహనములు దొరకును. వెదకవలసినది తీరికయు మనస్సును గల మనిషిని. బస్తరులో మనస్సుగల ఎనమండుగురు పిలువకముందే వచ్చి నిలిచియుందురు. వెదకవలసినది బాటను, వాహనమును.

ఈ రెండు దేశముల నడుమ ఒకే ఒక్క పోలిక ఉన్నది. అమెరికా చోదకుడు చేయు పనిలో విలువైన భాగము వ్యాను నడుపుట కాదు, వేచియుండుట. తనకు రోగము లేకయే రోగుల బల్ల మీద పూటంతయు కూర్చుండి, ఒక ముసలి సైనికుని ఇల్లు చేర్చుటకు ఎదురుచూచును. బస్తరులో మోసినవారు చేయు రెండవ పనియు ఇదియే. రోగి లోనికి పోయిన పిమ్మట ఎనమండుగురిలో ఐదారుగురు తిరిగిపోదురు. ఇద్దరు ముగ్గురు ఆసుపత్రి ఆవరణలో చెట్టు క్రింద ఆగుదురు. మూటలోని బియ్యము మూడు రాళ్ల మీద వండుకొందురు. లోపలికి పోవుటకు వెరతురు, వెడలిపోవుటకు మనసొప్పరు. ఏ దినమున పంపుదురో చెప్పువారుండరు. కాపలావాడు కసరినచో లేచి, అతడు పోయిన పిమ్మట మరల కూర్చుందురు.

తిరుగుప్రయాణమును శాసనము మరచిపోలేదు. 2011 జూన్ 1న కేంద్రప్రభుత్వము ఆరంభించిన జననీ శిశు సురక్షా కార్యక్రమములో గర్భిణిని ఇంటి నుండి ఆసుపత్రికి తెచ్చుట, అవసరమైనచో పెద్ద ఆసుపత్రికి పంపుట, కానుపైన పిదప తల్లీబిడ్డలను ఇంటికి చేర్చుట, మూడును ఉచితమని నిర్ణయించిరి. కానుపునకు సంబంధించినంతవరకు అది గొప్ప మాట. కాని విరిగిన కాలుతో వచ్చిన ముసలివానికిని, క్షయతో వచ్చిన యువకునికిని తిరుగుదారి ఎవరిది? నయమైనవాడు గదా, తానే పోవునని లోకము తలచును. కట్టు కట్టిన కాలుతో 20 కిలోమీటర్ల అడవి ఎట్లు నడచునో లోకము అడుగదు. నెల తరువాత మరల చూపించుకొనుమని వైద్యుడు చీటీ వ్రాసి ఇచ్చును. ఆ చీటీలోని ఒక్క పంక్తికి ఊరు మరల పదునారు దినములు వెచ్చింపవలెను. మందు నడుమ మానివేసిరని పిమ్మట వారిని నిందింతురు.

చావు కలిగినప్పుడు తిరుగుదారి మరియు దుర్భరము. 2016 ఆగస్టులో ఒడిశాలోని కాలాహండిలో ఒక గిరిజనుడు ఆసుపత్రిలో మరణించిన తన భార్య శవమును గుడ్డలో చుట్టి భుజము మీద వేసికొని, ప్రక్కన చిన్న కూతురు ఏడ్చుచు నడువగా, సుమారు 10 కిలోమీటర్లు పోయిన దృశ్యమును దేశమంతయు చూచినది. అప్పటి కలవరము కొన్నాళ్లకు చల్లారినది. ఛత్తీస్‌గఢ్‌లో శవములను ఇల్లు చేర్చుటకు ‘ముక్తాంజలి’ అను ఉచిత వాహనములు ఏర్పడినవి. శవవాహనము ప్రాణము నిలుపదు గదా అని దానిని చిన్నచూపు చూడరాదు. చనిపోయినవాని శవము ఊరు చేరునను నమ్మకమున్ననాడే బ్రతికియున్నవాడు ధైర్యముగా ఆసుపత్రికి బయలుదేరును.

మనిషిని వైద్యమునొద్దకు మోయుటయే కాక, వైద్యమును మనిషి యొద్దకు మోయుటయు నేర్వవలెనని ఇటీవలి యేండ్లలో కొందరు గ్రహించిరి. 2019 అక్టోబరు 2న ఛత్తీస్‌గఢ్‌లో సంతలలో వైద్యశిబిరములు నడుపు పథకము ఆరంభమైనది. అడవిలోనివాడు వైద్యుని కొరకు కదలడు, కాని ఉప్పు కొరకు వారమున కొకమారు ఎంత దూరమైనను నడచును. అతని నడక ఎచ్చటికి పోవునో చూచి అచ్చటనే వైద్యుడు కూర్చుండుట తెలివియే కాదు, మర్యాద కూడ. 2020 జనవరిలో మలేరియా నిర్మూలనకు ఆరోగ్య కార్యకర్తలు పెట్టెలను నెత్తిన పెట్టుకొని, వాగులు దాటి, గూడెము గూడెమునకు పోయి ప్రతివాని రక్తమును పరీక్షించిరి. జ్వరమే లేని చాలమందిలో మలేరియా బయటపడినది. మంచము కట్టవలసిన దినము రాకమునుపే ఆ మంచమును ఆపినవారు వీరు. తెలుగునాట సాలూరులో 2018లో గిరిజన గర్భిణుల కొరకు ఒక వసతిగృహము తెరచిరి. నెలలు నిండకముందే వచ్చి, ఆసుపత్రి చెంతనే ఉండి, కానుపైన పిదప బిడ్డతో ఇంటికి పోవుదురు. నొప్పులు మొదలైన పిమ్మట దూరముతో పందెము వేయుటకంటె, దూరమును ముందుగనే నెమ్మదిగా నడచివచ్చుట మేలు గదా.

బస్తరులో బాటలు పెరుగుచున్నవి. వంతెనలు కట్టుచున్నారు. వాహనము గూడెము గుమ్మమువరకు వచ్చు దినము కొన్ని ఊళ్లకు ఇదివరకే వచ్చినది, మిగిలినవానికిని రావలెను. ఆనాడు నులకమంచము తిరిగి ఇంటిలోని తన మూలకు చేరును. దానిని గూర్చి విచారపడవలసినది లేదు. ఎనమండుగురి భుజములపై ఎండలో ఊగినవారెవరును ఆ ప్రయాణమును అందమని చెప్పరు. పల్లెల ఐకమత్యమును దూరము నుండి మెచ్చుకొనువారే చెప్పుదురు. మోసినవాని భుజము మీది కమిలిన గుర్తు కవిత్వము కాదు.

కాని మంచముతోబాటు ఇంకొకటి కూడ మూలకు చేరునేమో చూచుకొనవలెను. మంచము మీద పోయిన రోగి వెంట ఊరు పోయినది. వాహనములో పోవు రోగి వెంట ఒకరికే చోటు. కొన్నిమారులు ఆ ఒకరును ఉండరు. తలుపు మూసికొన్నప్పుడు లోపల ఒంటరిగా ఉన్న ముసలిది హిందీ తెలియని నోటితో ఏ నగరములో దిగును? ఆమె పేరు సరిగ చెప్పువారెవరు, మందు ఎప్పుడు వేయవలెనో విని గుర్తుంచుకొనువారెవరు, నయమైన దినమున గుమ్మము బయట నిలిచియుండువారెవరు? చక్రములు భుజముల పనిని చేయగలవు. “నేనును వచ్చెద” అను మాటను చక్రములు పలుకజాలవు. ఆ మాట చెప్పు మనిషికి వాహనములో ఒక చోటు, ఆసుపత్రి చెంత ఒక నీడ, రెండు పూటల అన్నము, పోయిన కూలికి బదులు కొంత సొమ్ము ఏర్పరచుట బాట వేయుటకంటె కష్టమైన పని కాదు. అది ఇంతవరకు ఎవరి పనియు కాకుండుటయే కష్టము.

వాహనము ఎందరిని ఆసుపత్రికి చేర్చెనో అధికారులు లెక్క వ్రాసికొందురు. ఎందరు ఇల్లు చేరిరో ఊరు లెక్క చూచుకొనును. ఈ రెండు లెక్కలును ఒకే పుస్తకములోనికి వచ్చిననాడు బస్తరు రోగికి దారి ఏర్పడినదని చెప్పవచ్చును. అంతవరకు వేయబడినది సగము దారియే.